11 ఏళ్ళుగా అవే 14 పాటలు: మా ఆర్కెస్ట్రాలో ఉండాలా, మానేయాలా?

బేస్‌తీగ_అమలాపురం

చాలా రోజుల నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇవాళ రాసేస్తున్నాను. మాది ఆరుగురి ఆర్కెస్ట్రా. 2014లో మా వీధి వినాయక చవితి పందిట్లో మొదలుపెట్టాం. నేను బేస్ గిటార్. కీబోర్డ్ మా మేనత్త కొడుకు, నాకు బావ. పాడేది వరసకి బాబాయ్, 52 ఏళ్ళు. డ్రమ్స్ వాయించేవాడు నాతో ఇంటర్ చదివాడు. ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద దరువులు పక్కింటి కుర్రాడు, ఆడ గొంతు ఒక టీచరుగారు. ఎవరికీ ఇది తిండి పెట్టే పని కాదు. ఆదివారం రాత్రి ఒక పాత రైస్‌మిల్లు గోడౌన్‌లో కూర్చుని వాయించుకుంటాం, ఎవరైనా పిలిస్తే వెళ్తాం.

బాధేంటంటే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. మొదటి ఏడాది నేర్చుకున్న 14 పాటలే ఇప్పటికీ. బావకి తెల్ల మెట్లు తప్ప తెలియవు, ఏ శృతి పాటైనా ఒకటి శృతిలోనే (అంకె పెరిగేకొద్దీ శృతి పైకి) వేళ్ళు పెట్టి, శృతిని దానంతటదే మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతాడు. బాబాయ్‌కి ఒకప్పుడు రెండు శృతి హాయిగా అందేది, ఇప్పుడు అందట్లేదు, దించుదాం బాబాయ్ అంటే "నా శృతి రెండురా" అని కోప్పడతాడు. సాహిత్యం ఇప్పటికీ ఫోన్‌లో చూసే పాడతాడు. ఒకసారి చరణం మధ్యలో ఫోన్ వస్తే స్టేజీ మీదే ఎత్తి "పాడుతున్నాను, తర్వాత చేస్తా" అన్నాడు, మైకులో. డ్రమ్స్ వాడు పల్లవికి బాగానే ఉంటాడు, రెండో చరణానికి పరుగందుకుంటాడు. రిహార్సల్ ఏడున్నరకి అంటే తొమ్మిదికి వస్తాడు.

మొన్న మే నెలలో రావులపాలెం దగ్గర ఒక రిసెప్షన్. ముందు పాటకి బావ ఆ బటన్ ప్లస్ 4లో, అంటే మూడు శృతిలో పెట్టాడు. తర్వాతి పాటకి ప్లస్ 2, అంటే రెండు శృతి ఉండాలి, మార్చడం మర్చిపోయి పాట ముందు వచ్చే వాయిద్యం బిట్ ఎత్తుకున్నాడు. నేను రెండు శృతిలో తీగ మీటాను, కీబోర్డ్ మూడు శృతిలో ఉంది. బాబాయ్ కీబోర్డ్‌నే పట్టుకుని ఎత్తుకున్నాడు, పై షడ్జమం, అంటే పై స దగ్గర గొంతు చీలిపోయింది. ముందు వరసలో ఒక పెద్దాయన ఐస్‌క్రీమ్ చెంచా నోటి దాకా తెచ్చి అక్కడే ఆపేసి మావైపు చూశాడు. నాకు ఇప్పటికీ రాత్రి పడుకుంటే ఆ చెంచా కనపడుతుంది. బావ మాత్రం దిగాక "కీబోర్డ్ పాతదైపోయిందిరా" అన్నాడు.

వ్యాన్‌లో వస్తూ చెప్పాను, రోజుకి అరగంట ఎవరింట్లో వాళ్ళం సాధన చేద్దాం, చవితికి ఆరు కొత్త పాటలు దించుదాం అని. "సరదాకి వాయించుకునేవాళ్ళం, మనకెందుకురా ఇదంతా" అన్నారు. నాకు ఇది సరదా కాదు. పోయిన ఏడాది మొత్తానికి ఐదు ప్రోగ్రాములు వచ్చాయి. గ్రూపులో అందరూ చుట్టాలు, స్నేహితులు. ఉండాలా, మానేయాలా చెప్పండి.

నర్సాపురం_రైలు

స్టేజీ మీద బాబాయ్‌కి ఫోన్ చేసింది ఎవరండీ, ముందు అది చెప్పండి.

బేస్‌తీగ_అమలాపురం

మా పిన్ని. వచ్చేటప్పుడు పెరుగు తెమ్మని.

గట్టుమీదరాజు

మానేయండి. 11 ఏళ్ళలో మారనివాళ్ళు 12వ ఏడు మారరు. మీ బావ కీబోర్డ్ మీద తప్పు నెట్టాడు చూశారా, అక్కడే అయిపోయింది. తప్పు చేసినవాడికి విద్య వస్తుంది, తప్పు ఒప్పుకోనివాడికి రాదు. భీమవరంలోనో కాకినాడలోనో బేస్ వాయించేవాళ్ళ కోసం చూస్తున్న గ్రూపులు బోలెడు. చుట్టరికం పెళ్ళిళ్ళలో చూసుకోవచ్చు.

యానాం_డ్రమ్స్

నేను డ్రమ్స్ వాణ్ణి కాబట్టి ఆ పరుగు సంగతి చెప్తాను. రెండో చరణానికి పరుగు అందరికీ వస్తుంది, నాకూ వచ్చేది. కారణం ఫిల్. పల్లవి అయ్యాక చరణంలోకి వెళ్ళేటప్పుడు నాలుగు దరువులు గట్టిగా కొడతాం కదా, అక్కడ చెయ్యి ఉత్సాహంగా ముందుకు జారుతుంది, తిరిగి తాళంలోకి వచ్చేసరికి ఒక నూలుపోగు వేగం పెరిగి ఉంటుంది. ప్రతి ఫిల్‌కీ ఒక్కో పోగు. పాట నిమిషానికి 96 దరువుల్లో మొదలైతే 110లో ముగుస్తుంది. వాయించేవాడికి తెలియదు, ఒట్టు, నిజంగా తెలియదు. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించే దాకా నేను మా కీబోర్డ్ వాడే ముందుకెళ్తున్నాడని దెబ్బలాడేవాణ్ణి.

మందేంటంటే ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే లయకి క్లిక్ కొట్టే యాప్ పెట్టి ఒక చెవిలో ఇయర్‌ఫోన్. ముందు నాలుగు దరువులకీ క్లిక్ రావాలి. రెండు వారాలయ్యాక సగానికి తగ్గించాలి, రెండో దరువుకి, నాలుగో దరువుకి మాత్రమే. అదీ కుదిరాక ఆవృత్తానికి, అంటే తాళం ఒక చుట్టుకి ఒక్క క్లిక్. మధ్య ఖాళీ అంతా మనమే మోయాలి. అప్పుడు తెలుస్తుంది మన లయ ఎంతో.

సౌండ్‌బాక్సుల_తణుకు

20 ఏళ్ళుగా సౌండ్ పెడుతున్నా. ఒక్కటి అడుగుతాను. మీ బాబాయ్ మైకు ఎక్కడ పట్టుకుంటారు? గుండు మీద చెయ్యి వేసి పట్టుకుంటారా?

బేస్‌తీగ_అమలాపురం

అవునండి. గుండు మొత్తం గుప్పిట్లో ఉంటుంది. మీకెలా తెలిసింది?

సౌండ్‌బాక్సుల_తణుకు

రెండు శృతి అందనివాళ్ళందరూ అలాగే పట్టుకుంటారు. గట్టిగా పట్టుకుంటే గొంతు వస్తుందని. ఆ మైకు ముందు నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువ తీసుకునేలా చేస్తారు, గుండు వెనక సందులు మూసేస్తే అది పోతుంది, చుట్టూ ఉన్నదంతా లాక్కుంటుంది, పాడేవాళ్ళకి వినపడేలా స్టేజీ మీద పెట్టే మానిటర్ బాక్సులో వచ్చేది కూడా. దాంతో కుయ్‌మని కూత. కూత వస్తోందని మేం మానిటర్ తగ్గిస్తాం, ఆయనకి ఆయన గొంతు వినపడదు, ఇంకా గట్టిగా అరుస్తారు, శృతి ఇంకా జారుతుంది. ఇక్కడ తప్పు గొంతుది కాదు, చేతిది. కాడ కింద పట్టుకుని మూతికి రెండు వేళ్ళ దూరంలో పెట్టమనండి.

ఇంకోటి. ఆర్కెస్ట్రా వాళ్ళు అందరూ ఎవరి వాల్యూమ్ వాళ్ళు పెంచుకుంటారు. డ్రమ్స్ పెరిగితే బేస్, బేస్ పెరిగితే కీబోర్డ్. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు గానీ 100 దగ్గర 15 నిమిషాలే అంటారు చెవి డాక్టర్లు. గోడౌన్‌లో రేకుల కింద మీరు ఎంతలో ఉన్నారో చూసుకోండి. రాత్రి ఇంటికెళ్ళాక చెవిలో ఈల వినపడుతుంటే ఎక్కువైందని లెక్క.

పాలకొల్లు_పద్మం

ఇక్కడ నేర్పేవాళ్ళు లేరు అనే సాకు మీవాళ్ళు చెప్పలేదు కాబట్టి సంతోషం, మా దగ్గర అందరూ అదే చెప్తారు. వాళ్ళకి నేను మా ఊరి మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి చెప్తాను. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండలిన్ పట్టుకున్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఈ పిల్లాడు తీగ మీద వెతుక్కునేవాడు. ఎనిమిది తీగల వాయిద్యంలో స్వరాన్ని ఊపే గమకం పలకట్లేదని ఎలక్ట్రిక్ మాండలిన్‌కి ఐదు తీగలు కట్టుకున్నారు. గురువుకి వాయిద్యం రాదు, వాయిద్యానికి కర్ణాటక సంగీతం రాదు, అయినా ఆగలేదు. మీ బావగారికి నల్ల మెట్లు ఎదురుగానే ఉన్నాయి కదా.

గట్టుమీదరాజు

అదీ మాట.

రొయ్యలచెరువు_భీమవరం

పద్మం గారూ, మీ మాట మీద గౌరవం ఉంది గానీ అలాంటివాళ్ళని తెచ్చి మావాళ్ళ పక్కన నిలబెడితే ఎవరు నిలబడతారండీ. ఆరేళ్ళకి మొదలుపెట్టి రోజంతా అదే లోకం అయినవాళ్ళు వేరు. పొద్దున్నుంచి పని చేసి ఆదివారం రాత్రి వచ్చేవాళ్ళు వేరు. పెద్దవాళ్ళ పేరు చెప్పి చిన్నవాళ్ళని తిట్టడం మన దగ్గర మరీ ఎక్కువైంది.

బేస్‌తీగ గారూ, మీ డ్రమ్స్ అతను ఏం పని చేస్తాడు?

బేస్‌తీగ_అమలాపురం

రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్. అల్లవరం వైపు.

రొయ్యలచెరువు_భీమవరం

అనుకున్నాను. నేనూ అదే పని. చెప్తాను వినండి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, పగలు నీళ్ళలో నాచు తయారుచేసిన ఆక్సిజన్ రాత్రంతా ఖర్చైపోతుంది కాబట్టి. రెండింటికి, నాలుగింటికి లేచి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. ఒక్క అరగంట నిద్రపోతే పొద్దున్నకి రొయ్యలు తేలతాయి, లక్షలు. ఆ మనిషి ఏ రాత్రీ మూడు గంటలు వరసగా పడుకోడు. సాయంత్రం మేత వేసి, మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే చూసుకుని, అల్లవరం నుంచి మీ దగ్గరికి రావాలి. తొమ్మిదికి వస్తున్నాడంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఎదగనంటున్నాడా, అలిసిపోయి ఉన్నాడా, ఎప్పుడైనా అడిగారా?

బేస్‌తీగ_అమలాపురం

అడగలేదు. 11 ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆలస్యమైతే మొహం ముడుచుకునేవాణ్ణి, అంతే.

నర్సాపురం_రైలు

రిహార్సల్ అల్లవరంలోనే, చెరువు గట్టు మీదే పెట్టుకోండి. రొయ్యలకి కూడా 14 పాటలు వచ్చేస్తాయి.

సన్నాయిమనవడు

మా తాతది బ్యాండు మేళం. తాత క్లారినెట్. ద్రాక్షారామం చుట్టుపక్కల 40 ఏళ్ళు పెళ్ళిళ్ళకి వాయించాడు. మీరు రాసింది చదువుతుంటే ఆయన గుర్తొచ్చి ఇది రాస్తున్నాను.

తాతకి స్వరం రాయడం రాదు, చదవడం రాదు. ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు కదా, మళ్ళీ భాద్రపదంలో ఉండవు, మూఢమొస్తే అసలే ఉండవు. మిగతా మేళాలవాళ్ళు ఆ నెలల్లో కూలి పనికి వెళ్ళేవాళ్ళు, మావాళ్ళూ వెళ్ళేవాళ్ళు. కానీ రాత్రి ఏడింటికి మా ఇంటి అరుగు మీద ఎనిమిది మందీ రావాలి. ఆషాఢం పొడుగునా ఐదు కొత్త పాటలు. క్యాసెట్ పెట్టి, ఒక ముక్క విని ఆపి, వాయించి, మళ్ళీ వెనక్కి తిప్పి. టేపు అరిగిపోయి శృతి దిగిపోతే తాత "ఇది టేపు శృతి, పాట శృతి కాదు" అని చెవితో సరిచేసేవాడు. ఆయనకి 61వ ఏట దవడ పళ్ళు ఊడిపోయాయి, ముందు పన్ను కదులుతోంది. క్లారినెట్‌కి పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఆనాలి. ఆయన పై పళ్ళకి కూడా పెదవి మడిచి ఊదడం కొత్తగా నేర్చుకున్నాడు, ఆ వయసులో. రెండు నెలలు పెదవి లోపల పుండు. అమ్మమ్మ మజ్జిగన్నం కలిపి పెట్టేది, అదే తినేవాడు.

ఆ ఎనిమిది మందిలో డోలు ఆయన మాత్రం ఒక్క పాట కొత్తగా నేర్చుకోలేదు. 40 ఏళ్ళూ ఒకటే దరువు. తాత ఆయన్ని తీసెయ్యలేదు. మేమందరం అడిగేవాళ్ళం. "వాడు కదలడు కాబట్టే మనం కదలొచ్చురా, తిరిగొచ్చేసరికి వాడు అక్కడే ఉంటాడు" అనేవాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ సగమే అర్థమైంది.

ఇప్పుడు ఆషాఢమే కదా నడుస్తోంది.

పాలకొల్లు_పద్మం

పెదవి పుండు దగ్గర ఆగిపోయాను చాలాసేపు.

యానాం_డ్రమ్స్

తాతగారు డోలు గురించి అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. లయ వాయించేవాడు కొత్తదనం చూపించకపోయినా పర్లేదు, కదలకుండా ఉంటే చాలు. మీ డ్రమ్స్ అతనికి ఉన్న కష్టం కదలడమే.

కాకినాడ_గొంతు

నేను పాడతాను. మా గ్రూపులో కూడా ఒకాయన ఇలాగే, కీబోర్డే. మూడేళ్ళు చెప్పి చెప్పి చివరికి తీసేశాం. ఎలా తీసేశామో కూడా చెప్తాను, సిగ్గుపడుతూనే. మొహం మీద చెప్పలేక ఒక ప్రోగ్రాం ఆయనకి చెప్పకుండా ఒప్పుకుని, నేర్చుకున్న కుర్రాణ్ణి పెట్టుకుని వెళ్ళాం. ఆయనకి ఎవరో వీడియో పంపారు. ఫోన్ చేసి ఏమీ అనలేదు, "బాగా వచ్చిందమ్మా" అన్నారు. ఆ తర్వాత మాకు ప్రోగ్రాములు రెట్టింపయ్యాయి, అది అబద్ధం చెప్పను. కుర్రాడు బంగారం, ఏ శృతి అడిగినా వేళ్ళు అక్కడ ఉంటాయి. కానీ ప్రోగ్రాం అవగానే ఎవరి బండి వాళ్ళది. ముందు రోజుల్లో సామాన్లు సర్దాక ఆయన తెచ్చిన తపేశ్వరం కాజాలు స్టేజీ చివర కాళ్ళు వేలాడేసి కూర్చుని తినేవాళ్ళం.

మానేయాలనుకుంటే మానేయండి, తీసేయాలనుకుంటే తీసేయండి, మీ ఇష్టం. మొహం మీద చెప్పి చెయ్యండి. అది ఒక్కటే నేను అడిగేది.

గట్టుమీదరాజు

కాకినాడ గారూ, మీరు చేసింది తప్పు పద్ధతిలో చేసిన మంచి పని. ప్రోగ్రాములు రెట్టింపయ్యాయి కదా. డబ్బులిచ్చి పిలిచినవాళ్ళకి మనం తినే కాజాలతో పనిలేదు. వాళ్ళ పిల్ల పెళ్ళి అది. శృతి తప్పితే వాళ్ళ వీడియోలో జన్మంతా ఉంటుంది.

కాకినాడ_గొంతు

అది కూడా నిజమే రాజుగారూ. కాదనను.

తాళం_మాస్టారు

రిటైరైన సంగీతం టీచర్ని. ట్రాన్స్‌పోజ్ బటన్ మీద కొంచెం న్యాయం మాట్లాడాలి. గిటార్ వాళ్ళు శృతి పెంచడానికి కాపో అనే క్లిప్పు పెట్టుకోవడం తప్పు కానప్పుడు ఇదీ తప్పు కాదు. పెద్ద పెద్ద వాళ్ళూ అవసరానికి నొక్కుతారు. కానీ అది తప్ప దారి లేకపోవడం తప్పు. నొక్కడం మర్చిపోతే ఏమవుతుందో రావులపాలెంలో చూశారుగా.

మీ బావ భయం ఏంటో నాకు తెలుసు. నల్ల మెట్లు చూస్తే 12 శృతులూ ఒకేసారి గుర్తొచ్చి చెయ్యి వణుకుతుంది. 12 అవసరం లేదు. మీ బాబాయ్ శృతి ఏదో అది ఒక్కటి. రెండు శృతిలో శంకరాభరణం రాగం వాయించడానికి కావలసింది రెండే రెండు నల్ల మెట్లు. గాంధారం ఒకటి, నిషాదం ఒకటి. మిగతా అన్నీ ఆయనకి అలవాటైన తెల్లవే. రోజూ ఆ ఒక్క ఆరోహణ అవరోహణ, సరళీ స్వరాల్లాగా మూడు కాలాల్లో, చేత్తో తాళం వేస్తూ ముందు పాడి తర్వాత వాయించమనండి. నోటితో పాడనిది వేలికి రాదు. పది రోజులు చేస్తే భయం పోతుంది. ఆ తర్వాత ఐదు శృతి ఇవ్వండి, దానికి ఒక్క నల్ల మెట్టే. మీ టీచరుగారు పాడేది ఆ చుట్టుపక్కలే అయ్యుంటుంది.

పదమూడేళ్ళ పిల్లలకీ యాభై దాటినవాళ్ళకీ పాఠం చెప్పాను. పెద్దవాళ్ళకి బుర్ర పనిచెయ్యక రాదనుకుంటారు, అది కాదు. వాళ్ళు తప్పు వాయిస్తున్నప్పుడు ఎవరూ వినకూడదు. పిల్లలకి ఆ సిగ్గు లేదు. మీ బావ రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకునే వీలుంటే చాలు.

బేస్‌తీగ_అమలాపురం

మాస్టారూ, హెడ్‌ఫోన్ మాట నాకు తట్టనే లేదు. వాళ్ళింట్లో ఇద్దరు పిల్లలు, మా అత్త, ఒకటే హాలు. కీబోర్డ్ బీరువా మీద ఉంటుంది.

లంకపొలం

ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతున్నా. బావ గురించి రాశారు, బాబాయ్ గురించి, డ్రమ్స్ గురించి రాశారు. ఈ 11 ఏళ్ళలో మీరు ఏం నేర్చుకున్నారండీ?

గట్టుమీదరాజు

ఆయన కనీసం నేర్చుకుందామంటున్నాడు కదా, ఆయన్ని ఎందుకు పట్టుకుంటారు.

లంకపొలం

అనడం వేరు కదండీ. పోట్లాడటానికి అడగలేదు. నాకూ బేస్ వచ్చు, అందుకే అడిగాను. బేస్ అంటే డ్రమ్స్‌కి జంట. డ్రమ్స్ పరిగెడుతుంటే బేస్ పట్టుకుని ఆపాలి, లేదంటే వెంట పరిగెట్టాలి. రెండూ చెయ్యకుండా పక్కన నిలబడి వాడు పరిగెడుతున్నాడంటే ఎలా?

బేస్‌తీగ_అమలాపురం

కోపం వచ్చింది మీ మాటకి. రెండు రోజులు జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా. నేనూ ఆ 14 పాటలకే ఆ 14 వరసలు వాయిస్తున్నాను. ప్రతి దరువుకీ మూల స్వరం, అంతే. యూట్యూబ్‌లో పాఠాలు చూస్తాను, చూసి పక్కన పెడతాను. తీగలు కూడా మూడేళ్ళుగా మార్చలేదు.

లంకపొలం

మూడేళ్ళా! మన గాలిలో! ఉప్పుగాలికి ఆరు నెలలకే తుప్పు పడుతుంది. వాయించాక పొడి గుడ్డతో తీగ కింద నుంచి కూడా తుడవండి, కేసులో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి, మందుల షాపులో డబ్బాల్లో వస్తాయి. చచ్చిన తీగ మీద శృతి పైకెళ్ళేకొద్దీ తప్పుతుంది. రావులపాలెంలో మీరూ కొంత శృతి తప్పి ఉంటారు.

నర్సాపురం_రైలు

లంకపొలం గారు ఆపరేషన్ చేసి కుట్లు కూడా ఆయనే వేస్తున్నారు.

యానాం_డ్రమ్స్

తర్వాత ఏమైంది? రికార్డు చేశారా? వాదనలు మానేసి ముందు ఆ పని చెయ్యండి. గోడౌన్ మధ్యలో ఫోన్ పెట్టి ఒకే ఒక్క పాట. ఎవరి గురించి ఎవరూ మాట్లాడకుండా అందరూ కూర్చుని వినండి.

బేస్‌తీగ_అమలాపురం

చేశాం. రెండు వారాలైంది, ఓపిగ్గా రాస్తాను.

ముందు డ్రమ్స్ వాడి దగ్గరికి వెళ్ళాను, చెరువుకే. రాత్రి పదింటికి. షెడ్డులో మంచం, గోడకి అలారం పెట్టిన మూడు ఫోన్లు, రెండింటికి ఒకటి, మూడున్నరకి ఒకటి, ఐదింటికి ఒకటి. నన్ను చూసి కంగారుపడ్డాడు, ఎవరికైనా బాగోలేదా అని. ఊరికే వచ్చాను అన్నాను. గట్టు మీద నడిచాం. ఏరేటర్ చప్పుడు వింటూ నడుస్తుంటే వాడు తొడ మీద వేళ్ళతో దానికి తగ్గట్టు దరువు వేస్తున్నాడు, వాడికే తెలియదు. ఒక్క పోగు కూడా కదల్లేదు ఆ దరువు. నేను చెప్పాను వాడికి, చూడరా నువ్వు పరిగెట్టట్లేదు అని. నవ్వాడు. రిహార్సల్ ఆదివారం రాత్రి నుంచి మధ్యాహ్నం రెండింటికి మార్చాం. రేకుల కింద ఉడికిపోతున్నాం గానీ వాడు టైముకి వస్తున్నాడు.

రికార్డు రోజు. అందరం చాప మీద కూర్చుని విన్నాం. బావ సగంలో "ఫోన్ మైకు బాగాలేదు" అన్నాడు. బాబాయ్ తన గొంతు చీలిన చోట లేచి చెప్పులు వేసుకుని బయటికెళ్ళిపోయాడు, బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినపడింది. డ్రమ్స్ వాడు ఏమీ మాట్లాడకుండా "మళ్ళీ పెట్టరా" అన్నాడు. రెండోసారి పెట్టినప్పుడు నాకు వినపడింది. డ్రమ్స్ పరిగెడుతోంది నిజమే. నేను ప్రతి ఆవృత్తంలో మొదటి దరువుకి వెనక పడుతున్నాను. వాడు నన్ను లాక్కెళ్ళాలని చూసి ఇంకా ముందుకెళ్తున్నాడు. 11 ఏళ్ళుగా ఇద్దరం ఇదే చేస్తున్నాం. లంకపొలం గారూ, మీకు దణ్ణం.

లంకపొలం

దణ్ణాలెందుకండీ. కొత్త తీగలు వేశారా?

బేస్‌తీగ_అమలాపురం

వేశాను. తళతళలాడుతున్నాయి, శబ్దం కూడా.

సౌండ్‌బాక్సుల_తణుకు

బాబాయ్ సంగతి?

బేస్‌తీగ_అమలాపురం

రెండు ఆదివారాలు రాలేదు. ఫోన్ ఎత్తట్లేదు.

గట్టుమీదరాజు

వదిలేయండి ఆయన్ని. టీచరుగారు పాడతారు, కొత్త కుర్రాణ్ణి ఎవరినైనా చూడండి. చవితికి నెల కూడా లేదు.

కాకినాడ_గొంతు

ఇంటికి వెళ్ళండి. ఫోన్ కాదు, ఇంటికి. గొంతు దిగిపోవడం అంటే ఏంటో పాడేవాళ్ళకే తెలుస్తుంది. నాకు రెండో పాప పుట్టాక ఐదున్నర శృతి నుంచి నాలుగున్నరకి వచ్చేశాను, ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. రెండు శృతి ఆయనకి అంకె కాదు. ఆ అంకెతోనే ఊళ్ళో గుర్తుపట్టి ఉంటారు ఆయన్ని.

తాళం_మాస్టారు

సంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు పాటతో ఆగక వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించారు, మీకు తెలుసుగా. మీ బాబాయ్ ముందు ఆ పేరు ఎత్తకండి ఇప్పుడు, రొయ్యలచెరువు గారు చెప్పింది ఆయన విషయంలో సరైనదే. పెద్దాయనకి పాఠం చెప్పకుండా ఏదైనా అడగండి. ఫలానా పాట నేను మర్చిపోయాను, ఒకసారి పాడవా బాబాయ్ అనండి.

సన్నాయిమనవడు

నేనూ ఇదే రాద్దామనుకున్నాను.

బేస్‌తీగ_అమలాపురం

నిన్న వెళ్ళాను. పిన్ని తలుపు తీసి, నోటి మీద వేలు పెట్టి లోపలికి రమ్మంది. వెనక వసారాలో గోడవైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో మా చెల్లి ఇంటర్ నోటుపుస్తకం, వెనక పేజీల్లో పాట మొత్తం చేత్తో రాసుకున్నాడు. మన 14లోది కాదు, కొత్తది. ఒక లైను చూడటం, పుస్తకం మూసి పాడటం, తప్పితే మళ్ళీ తెరవడం. పక్కన నీళ్ళ చెంబు. నేను పావుగంట నిలబడ్డాను, చూడలేదు. చేతిలో మైకు బదులు అప్పడాల కర్ర పట్టుకున్నాడు, కింద కాడ దగ్గర. మైకు ఎలా పట్టుకోవాలో తణుకు ఆయన రాసింది చెల్లి చదివి వినిపించిందట.

నన్ను చూశాక మాస్టారు చెప్పినట్టు ఏదో అడగాలనుకున్నాను గానీ గొంతు పెగల్లేదు. ఆయనే అడిగాడు, "ఇది ఏ శృతిలో ఎత్తుకుంటున్నార్రా" అని. రెండు అన్నాను. కాసేపు పుస్తకం వైపే చూసి "ఒకటికి దించమను మీ బావని, పైన అందట్లేదు" అన్నాడు. పిన్ని వంటింట్లో గిన్నెలు కడగడం ఆపేసింది.

నర్సాపురం_రైలు

ఆగండాగండి. ఒకటి శృతి అంటే అన్నీ తెల్ల మెట్లే కదా? మీ బావకి బటనే అక్కర్లేదు!

బేస్‌తీగ_అమలాపురం

ఫోన్ చేసి చెప్పాను. ఒక నిమిషం మాట్లాడలేదు. "రెండు శృతి నేర్చుకున్నానురా, పది రోజుల నుంచి రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకుని" అన్నాడు. పాపం బావ.

తాళం_మాస్టారు

పోయిందేమీ లేదు, మీ 14 పాటల్లో రెండు శృతివి ఉన్నాయిగా, బిట్లు అందులో వాయించమనండి. ఇప్పుడు ఐదు శృతి ఇవ్వండి.

యానాం_డ్రమ్స్

చవితి ప్రోగ్రాం ఎప్పుడు, ఎక్కడ? రాత్రి పది దాటితే మైకు ఆపించేస్తారు, పెందలాడే మొదలుపెట్టండి.

బేస్‌తీగ_అమలాపురం

మూడో రోజు సాయంత్రం ఆరింటికి, మా వీధి పందిట్లోనే. ఆరు అనుకున్న కొత్త పాటలు రెండే అయ్యాయి. మొత్తం 16.

రొయ్యలచెరువు_భీమవరం

నేను వస్తా. ఆ రాత్రి మీ డ్రమ్స్ అతని చెరువు చూసే మనిషి ఉన్నాడా? లేకపోతే మా కుర్రాణ్ణి ఒకణ్ణి పంపిస్తాను, ఏరేటర్లు తెలిసినవాడు. నంబర్ మెసేజ్‌లో పెట్టండి.